మధ్యాహ్నం చీటీలు

"అక్క పొద్దున పోయిందమ్మా" అని నంద్యాల నుంచి మేడమ్ తమ్ముడు ఫోన్ చేశాడు. "నీకు చెప్పమనింది, ఏడవొద్దనింది" అన్నాడు. ఏడవకుండా ఉండటం నా వల్ల కాలేదు.

పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కు మేడమ్ దగ్గర చేరాను. వైద్యం జనానికి ఎంతవరకు అందుతోంది, అందకపోతే ప్రభుత్వం ఏం మార్చాలి అన్నది మా పరిశోధన. నేనేమో గ్రాఫులు వచ్చు గనక అన్నీ వచ్చనుకునే రకం. మొదటి వారమే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కారు.

అక్కడికి దగ్గర్లోని ఒక పల్లెలో బీపీ ఉన్న ఒకామెను "మాత్రలకు ఆసుపత్రికి ఎందుకు రావట్లేదు?" అని అడిగాను. ఆమె తల దించుకుని "తప్పేనమ్మా" అంది. మాట అక్కడితో ఆగిపోయింది. అప్పుడు మేడమ్ ఆమె పక్కన అరుగు మీద కూర్చుని, "పొద్దున లేస్తే ఏమేం పని చేస్తావో చెప్పుమ్మా" అన్నారు.

"చేనికి పోతా. మధ్యాన్నం దాంక ఆడ్నే. నేనొచ్చేతలికి ఆసుపత్రిలో చీటీలు ఇయ్యరు. ఇంగ యాడ పోయేది?"

తిరుగు బస్సులో మేడమ్ నన్ను చూసి నవ్వారు. "ఎందుకు రాలేదంటే తిట్టినట్టుంటాది పాపా. మాది బట్టల అంగడి. జనం రాకుంటే వాళ్లను తిడతామా? మన తలుపు ఏ పొద్దు తీస్తాండామో చూసుకోవల్ల." ఆ వారం నా ప్రశ్నలన్నీ మళ్లీ రాసుకున్నాను.

మేం రాసిన ప్రతి వ్యాసాన్నీ ఆవిడ ఆ అంగట్లో తమ్ముడికి తెలుగులో చెప్పేవారు. ఆయన గుడ్డ కొలుస్తూనే "ఏందక్కా ఇది, తలాతోకా లేదు" అన్నాడంటే మాకు మళ్లీ మొదలు. అప్పట్లో ఆయనంటే నాకు ఒళ్లు మంట. ఇప్పుడు అక్కాతమ్ముళ్లిద్దరికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మధ్యాహ్నం కూడా ఓపీ చీటీలు ఇవ్వాలన్న మా సిఫారసు చాలాకాలం కదల్లేదు. ఒక సమావేశంలో ఎవరో పెద్దాయన "జనానికి అవగాహన లేదండీ" అన్నారు. "జనానికి ఉంది సార్. మనకే లేదు" అన్నారు మేడమ్. నేను బల్ల కింద ఆవిడ కొంగు పట్టుకుని లాగాను. ఆవిడ ఆగితే కదా! చివరికి అధికారులు ఒక్క ఆసుపత్రిలో చేసి చూడటానికి ఒప్పుకున్నారు. అప్పటికే ఆవిడ మంచం పట్టారు. ఫోన్ చేసినప్పుడల్లా "ఇంగా తెరవలేదా పాపా?" అని అడిగేవారు. తెరిచేలోపే పోయారు.

నిన్న ఆ ఆసుపత్రికి వెళ్లాను. మధ్యాహ్నం ఎండలో చీటీల కిటికీ తెరిచే ఉంది. చేలోంచి నేరుగా వచ్చిన ఒకామె, కొంగుకు అంటిన పత్తి దులుపుకుంటూ వరుసలో నిలబడింది. ఆమె వెనకాల ఇంకా చాలామంది. మేడమ్ చూడాల్సిన వరుస అది. చీటీ చేతికొచ్చాక ఆమెను లోపలి నుంచి డాక్టరు పిలిచారు. ఆమె నల్లమట్టి అంటిన చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లింది.