మస్తాన్ మాస్టారి రెస్టు

పాత ఇత్తడి బిందెను పట్టుకుని కాసేపు బేరమాడితే అరచేతులకు ఒక వాసన అంటుకుంటుంది. సబ్బుతో కడిగినా ఓ పట్టాన వదలదు. నిన్న సత్తెనపల్లిలో మా పాత్రల కొట్టుకు ఒక పెద్దావిడ అలాంటి బిందెను మార్పిడికి తెచ్చింది. "అడుగు అరిగిపోయిందమ్మా, పైగా అతుకు కూడానూ" అని అలవాటు ప్రకారం దాని పరువు తీస్తూ, ఎందుకో చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చెయ్యి అక్కడే ఉండిపోయింది. అది ఆవిడ బేరంలో కొత్త ఎత్తు అనుకున్నట్టుంది. "సరేలే బాబూ, నువ్వన్నంతకే ఇవ్వు" అంది. నా అంతట నేను ధర పెంచి ఇవ్వడం అదే మొదటిసారి. మా నాన్న ఉండి ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఆ వాసన మస్తాన్ మాస్టారి ట్రంపెట్‌ది.

మాస్టారు మా బజారు చివర బ్యాండు మేళం నడిపేవారు. ఆయన మొదటిసారి మా కొట్టు మెట్లెక్కింది సొట్టలు పడ్డ ట్రంపెట్ ఒకటి అమ్ముదామని. అప్పటికి నేను ముప్ఫైకి దగ్గర పడుతున్నాను. దాన్ని తక్కెట్లో పెట్టి "తుక్కు కింద తీసుకుంటానండీ" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "తుక్కో కాదో అదే చెబుతుందిలే" అంటూ దాన్ని బయటికి తీసి, పెదాలకు ఆనించి, ఒకే ఒక్క స్వరం పట్టారు. గట్టిగా కాదు, పొడుగ్గా. బల్లల మీది పళ్ళాలు, కొక్కేలకు వేలాడుతున్న చెంబులు సన్నగా జుమ్మన్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ సామాను మధ్యే పెరిగాను, దానికీ ఒక గొంతు ఉందని నాకు తెలియదు. తూకం సంగతి మర్చిపోయి "ఇది నాకు నేర్పుతానంటే అడిగినంతా ఇస్తాను" అన్నాను. గల్లాపెట్టె వెనక మా నాన్న తల పట్టుకున్నాడు.

రోజూ కొట్టు తెరవకముందు మాస్టారి గదిలో, ఆ సొట్టల ట్రంపెట్ మీదే సాధన. ఆయన పద్ధతి ఒక్కటే: ఎంతసేపు ఊదితే అంతసేపు ఆగాలి. కింది స్వరాన్ని మెల్లగా పట్టి నిలపడం, ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, మళ్ళీ ఊదడం. ఆగడాన్ని ఆయన రెస్టు అనేవారు. నా వ్యాపారబుద్ధికి అది శుద్ధ దండగలా తోచింది.

"మాస్టారూ, ఏకబిగిన ఊదేసి, రెస్టంతా చివర్లో కలిపి తీసుకుంటాను. లెక్క ఒకటే కదా?"

"ఒకటే. అలాగే వారానికి సరిపడా అన్నం ఆదివారమే తినేసి, మిగతా రోజులు రెస్టు తీసుకో. లెక్క ఒకటే కదా చిన్నశెట్టీ!"

మా నాన్న పెద్దశెట్టి కాబట్టి ఆయనకు నేను చిన్నశెట్టిని.

"పోనీ సగం రెస్టు?"

"నీ కొట్టుకొచ్చేవాళ్ళు ధర తగ్గించమని అడుగుతారు. నువ్వేంటయ్యా, కష్టం పెంచమని బేరమాడతావు?"

తర్వాత ఆయనే విడమరిచి చెప్పారు. పెదవి అలిసిపోయాక మనకు తెలియకుండానే ట్రంపెట్‌ను మూతికేసి నొక్కుతాం. నొక్కితే స్వరం వస్తుంది, పెదవి పోతుంది. "ఇంకొంచెం ఊదగలను అనిపించినప్పుడే దించెయ్. ఆ ఇంకొంచెమే రేపటికి నీ బలం." వయసులో ఉండగా ఒక వేసవిలో ఆయన పెళ్ళి మీద పెళ్ళి ఆగకుండా ఊదారట. పోయిన పై స్వరాలు మళ్ళీ రాలేదు. ఆ మాట చెబుతూ పై పెదవి మీది తెల్లటి మచ్చను వేలితో తడుముకున్నారు.

ఆయన గదిలో గోడకు పంచాంగం వేలాడేది. మా అమ్మ పూజగదిలోని పంచాంగం కన్నా అదే ఎక్కువ నలిగి ఉండేది. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోతే, మిగతా మేళాలవాళ్ళు వాయిద్యాలను గోనెసంచుల్లో చుట్టేసి మిర్చి బస్తాలు మొయ్యడానికి పోయేవాళ్ళు. మాస్టారికి అసలు సాధన అప్పుడే మొదలు. ముందు కొద్దికొద్దిగా, వారం వారం కాస్త పొడిగిస్తూ, ఒకరోజు బరువుగా, మర్నాడు తేలిగ్గా. ముహూర్తాలు దగ్గరపడేకొద్దీ తగ్గించుకుంటూ వచ్చేవారు. "కోతకొచ్చిన చేలో ఎవడన్నా అరక కడతాడా?" అనేవారు.

రెస్టుల్లో టీ తాగుతూ మాట్లాడుకునేవాళ్ళం. ఆయన గురించి నాకు తెలిసిందంతా ఆ రెస్టుల్లో తెలిసిందే. పై స్వరాలు పోకముందు ఒంగోలు దగ్గర ఓ పెళ్ళిలో ఆయన పై స్వరానికి ఎద్దులు బెదిరి పెళ్ళికొడుకు బండిని పొగాకు చేలోకి లాక్కుపోతే, మేళం కూడా వాయిస్తూనే వెనకాల పరిగెత్తిందట. "డబ్బులిచ్చేది పెళ్ళికొడుకు తండ్రి కదా, వదిలేస్తామా!" అని నవ్వారు. అలాంటి ఒక రెస్టులోనే, కూతురు రజియా పెళ్ళి కుదిరిందని చెప్పి, టీ గ్లాసు కింద పెట్టారు.

"ఆరోజు నేను గేటు దగ్గర నిలబడి చుట్టాలను పలకరించాలి. నా ట్రంపెట్ నువ్వు పట్టుకో. పెళ్ళికొడుకు ఊరేగింపులో బస్టాండు నుంచి షాదీఖానా దాకా పాట ఎక్కడా తెగకూడదు."

పెళ్ళి ముందురోజు నాకు కాలు నిలవలేదు. ఒక్కసారి మొత్తం ఊది చూసుకుంటానని బతిమాలాను. ఆయన ట్రంపెట్‌కు పెదాలు ఆనించే మౌత్‌పీసు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

"మాస్టారూ, అది లేకపోతే ఇది నిజంగా తుక్కే!"

"అయితే తక్కెట్లో పెట్టుకో" అని వెళ్ళిపోయారు.

మర్నాడు ఊరేగింపు బయల్దేరే ముందు వచ్చి, అదే జేబులోంచి తీసి ఇచ్చారు. వెచ్చగా ఉంది.

బజారు మలుపు దాకా బాగానే సాగింది. అక్కడ మా కొట్టు మెట్ల మీద మా నాన్న నిలబడి చూస్తున్నాడు. అరుగులన్నీ నన్నే చూస్తున్నాయి. పెదవి వణకడం మొదలైంది. పరువు కోసం ట్రంపెట్‌ను మూతికేసి నొక్కబోయాను. దూరంగా షాదీఖానా గేటు దగ్గర, తెల్ల లాల్చీలో, చుట్టాల మధ్యలోంచి మాస్టారు చేతిలోని టీ గ్లాసు పైకెత్తారు. రెస్టు! దించేశాను. క్లారినెట్ పాట అందుకుంది. పాట తెగలేదు, ఆగింది నేనొక్కడినే. గేటు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఎత్తాను. ఆయన పోగొట్టుకున్న పై స్వరం, నొక్కకుండానే, తేటగా పలికింది.

ఆయన మెచ్చుకోలేదు. దగ్గరికొచ్చి "ఇంకొంచెం మిగిలిందా?" అని మాత్రం అడిగారు.

"మిగిలింది మాస్టారూ."

"అది చాలు" అని అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

చివరి రోజుల్లో రజియా ఆయన్ను ఒంగోలు తీసుకెళ్ళింది. అక్కడే పోయారు. నేను ఇప్పటికీ కొట్టు తెరవకముందు అదే గదిలో, ఆయన వదిలి వెళ్ళిన ట్రంపెట్ మీదే సాధన చేస్తాను. ఊదడం తేలికే, ఆగడమే కష్టం. ఆయన పోయిన కొత్తలో ఆ ఖాళీని భరించలేక రెస్టులన్నీ ఎగ్గొట్టాను. పెదవి వాచి, ఓ పెళ్ళి నడిమధ్యలో గాలి తప్ప స్వరం రాలేదు. అప్పట్నుంచి ఎంతసేపు ఊదితే అంతసేపు ఆగుతున్నాను. ఆ కాసేపూ ఎదురుగా ఖాళీ కుర్చీ, వీధిలో మిర్చి లారీల రొద. మౌత్‌పీసు ఊడదీసి చొక్కా జేబులో వేసుకుంటాను. తిరిగి తీసేసరికి ఆరోజు ఆయనిచ్చినప్పటిలాగే వెచ్చగా ఉంటుంది. అది నా ఒంటి వేడేనని తెలుసు. అయినా పెదాలకు ఆనించుకునేటప్పుడు, ఆ ఒక్క విషయంలో, నాతో నేను బేరమాడను.