టీచర్‌గారి బకెట్‌లో గోదురుకప్పలు

మా ముత్తాత సీతాపతిరావు నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత రాఘవరావు ఒక మాట చెబితే దానికి కాగితం అడిగినవారు లేరు. నేను తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో జువాలజీ మ్యూజియం కీపర్‌ని. సీసాల్లోని జంతువులకు ఫార్మలిన్ మార్చడం, చీటీలు రాసి అంటించడం నా పని. ఫార్మలిన్ అంటే కళేబరం కుళ్లకుండా కాపాడే ద్రావకం. ఆ పనిని తలెత్తుకునే చేశాను.

2022 వానాకాలంలో ఒక ఉదయం సుగుణమ్మ టీచర్ మ్యూజియానికి వచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ మనిషి, చర్చి స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ ఇంట్లో తోటపని చేసే మల్లేశ్, మాణికేశ్వర్ నగర్ మనిషి, మూత పెట్టిన బకెట్ మోసుకొచ్చాడు.

"రావుగారూ, మా రూబీ నిన్న ఈ కప్పల్లో ఒకదాన్ని నోట కరుచుకుని నురగలు కక్కిందండీ. పాపం, కుక్కపిల్ల చచ్చి బతికింది. ఆస్ట్రేలియాలో కుక్కల్ని చంపే కప్ప ఇదేనని ఫోన్లో చూశాను. మీరు ఔనంటే ఇవాళే వీటన్నిటి మీదా బ్లీచింగ్ పౌడర్ పోయిస్తాను."

ఆవిడది ఉత్త భయం కాదు. చెరకు తోటల్లో పురుగుల్ని తింటుందని ఆస్ట్రేలియాకు తీసుకెళ్లిన కేన్ టోడ్ అనే గోదురుకప్ప అక్కడ ఊళ్లకు ఊళ్లు పాకింది. దాన్ని మింగిన అక్కడి పాములు, ఉడుములు విషం తట్టుకోలేక చచ్చాయి. ఇలా బయటినుంచి వచ్చి స్థానిక జీవుల్ని దెబ్బతీసేదాన్ని ఇన్వేసివ్ స్పీషీస్ అంటాం.

మా దగ్గర సీసాలో ఒక కేన్ టోడ్ ఉంది. దాన్ని బకెట్ పక్కన పెట్టి చూశాను. అదే గరుకు చర్మం. చెవుల వెనక అవే పెరటాయిడ్ గ్లాండ్స్, అంటే విషం ఊరే ఉబ్బులు.

"అదే," అన్నాను.

గుమ్మం దగ్గర మల్లేశ్ ఆగాడు. "సార్, మీరు సదువుకున్నోళ్లు. గని మా టీచరమ్మ బాయికాడ నీటిపాము గీ కప్పల్నే మింగుతది. మూడేండ్ల సంది చూస్తున్న. దానికేం గాలే. ఇంక బలిసింది."

"పాముకేం తెలుసు మల్లేశూ? రావుగారు సీసా పెట్టి మరీ చూశారు," అని టీచర్ అతణ్ని తీసుకుని వెళ్లిపోయారు.

మల్లేశ్ మాట నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు. ఆ విషం ఎరగని పామైతే చస్తుంది. తరతరాలుగా దాని పక్కన బతికిన పాము తట్టుకుంటుంది. పుస్తకం తీశాను. మన గోదురుకప్పకు కళ్ల మీదుగా నల్లటి గట్లు ఉంటాయి. కేన్ టోడ్‌కు ఆ నలుపు ఉండదు. బకెట్‌లో వాటికి ఆ నలుపు నా కంటబడింది, కానీ లెక్కచేయలేదు. ఏళ్ల తరబడి ఫార్మలిన్‌లో రంగు పోయిన జంతువుల్నే చూస్తూ, రంగును గుర్తుగా పట్టుకోవడం మరిచిపోయాను.

ఫోన్ చేస్తే టీచర్ ఎత్తలేదు. స్కూటర్ తీశాను. నేను వెళ్లేసరికి మల్లేశ్ పెరట్లో పౌడర్ సంచి విప్పుతున్నాడు.

"ఆగు మల్లేశ్. టీచర్‌గారూ, నేను తప్పు చెప్పాను. ఇవి మన కప్పలే. ఇతను చెప్పిందే నిజం."

టీచర్ కళ్లజోడు సర్దుకున్నారు. "పొద్దున అంత ఠీవిగా చెప్పారే?"

"ఠీవిగానే తప్పు చెప్పాను."

మల్లేశ్ తల వంచుకుని నవ్వాడు. "రేపటి సంది సీసాలకాడ నన్ను కూసోబెట్టుండ్రి సార్."

"మరి మా రూబీ సంగతి?" అన్నారు టీచర్.

"విషం వీటికీ ఉందండీ. సాయంత్రాలు రూబీని తాడు కట్టి తిప్పండి. మళ్లీ కరిస్తే వెంటనే నోరు కడిగి డాక్టర్‌కు చూపించండి. ఈ విషంతోనే ఇదే కప్ప మడగాస్కర్ దీవి చేరి అక్కడి జంతువులకు గండమైంది."

"అయితే ఇక్కడ ఇంటిమనిషి, అక్కడ దొంగా?"

"అంతేనండీ."

ఆవిడ బకెట్‌ను తానే బావి పక్కన వంచారు. "పోండి, పోయి దోమల్ని తినండి. రూబీ జోలికి రాకండి," అన్నారు, క్లాసులో పిల్లలకు చెప్పినట్టే. అవి ఒక్కొక్కటే, ఏమీ తొందర లేనట్టు, చెమ్మ మట్టిలోకి గెంతాయి.

ఒక జీవి ఇన్వేసివ్ అవునో కాదో అది చేరిన చోటును బట్టి ఉంటుందని పుస్తకాల్లో చదివినవాడినే. దాని పేరు చెప్పేముందు దాని పక్కన బతికే మనిషిని ఒక మాట అడగాలన్నది మాత్రం మల్లేశ్ దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత రెండు వానాకాలాలు మేం ముగ్గురం ఆ బావి దగ్గర కూర్చుని టీ తాగుతూ ఆ కప్పల్ని చూశాం.

నిరుడు టీచర్ ఆ ఇంటిని బిల్డర్‌కు అమ్మేశారు, బావితో సహా.