మూడో లైను ఖాళీగా ఉంచిన రోజు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ పిల్లలకు క్విజ్ పోటీ పెడదామని మా కోడలు ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్‌నే సిద్ధం చేసింది. పిల్లలంతా ఎవరి ఫోన్లలోంచి వాళ్లు ఒక్కసారిగా అందులోకి రాబోతే కొందరికి తెరుచుకుంది, కొందరికి తిరుగుతూ ఉండిపోయింది, మిగతావాళ్లను అసలు రానివ్వలేదు. ఇంటర్నెట్ బాగా లేదేమో అన్నాను. అది కాదత్తయ్యా అని, ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థకు ఒక హద్దు ఉంటుందనీ, ఒకేసారి కొన్ని కనెక్షన్లే పట్టుకుంటుందనీ, తర్వాత వచ్చినవాళ్లను కాసేపు వరుసలో నిలబెట్టి, ఆ వరుసా నిండితే వెనక్కి పంపేస్తుందనీ, పని ముగించుకుని వెళ్లినవాళ్ల సాకెట్లను, అంటే వాళ్లకిచ్చిన చోట్లను కూడా వెంటనే వదలదనీ ఓపికగా చెప్పింది. సాకెట్ అన్న మాట విని నేను నవ్వాను. పంతొమ్మిది వందల డెబ్భైల్లో నా ఉద్యోగమంతా సాకెట్లతోనే గడిచింది మరి.

శేరిలింగంపల్లి దాటాక, ఇప్పుడు అద్దాల మేడలున్న వైపు, అప్పట్లో బండరాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ ఉండేవి కావు. అక్కడ ఒక మోటార్ల కర్మాగారంలో నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. గోదావరి జిల్లా నుంచి వచ్చి, కూకట్‌పల్లిలో కిరాయికున్న మా అన్నయ్యా వదినల దగ్గర ఉండేదాన్ని. అన్నయ్యది కూడా అదే కర్మాగారం, మధ్యాహ్నం షిఫ్టు. మా గదిలో గోడంత స్విచ్‌బోర్డు. ఎవరైనా ఫోన్ ఎత్తితే వాళ్ల సాకెట్ మీది రేకు మూత టప్పున పడేది. తీగ ఒక కొస అందులో, రెండో కొస వాళ్లడిగిన సాకెట్‌లో గుచ్చి కలపాలి. సాకెట్లు ఎన్నున్నా తీగలు కొన్నే కాబట్టి అవన్నీ వాడుకలో ఉంటే ఎంత పెద్ద ఆఫీసరైనా ఆగాల్సిందే. బయటి ప్రపంచంతో మాట్లాడడానికైతే ఉన్నవి మూడే లైన్లు.

నాకు పని నేర్పినావిడ లింగంపల్లి ఊరి మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. మాట కటువు, మనసు వెన్న. మధ్యాహ్నం తన గిన్నెలోని జొన్నరొట్టె సగం తుంచి నా ముందు పెట్టకుండా ఏనాడూ తినలేదు.

ఒక శ్రావణమాసం, పొద్దుటి నుంచి కుండపోత. కూకట్‌పల్లి నుంచి రావలసిన షిఫ్టు బస్సు వేళ దాటినా రాలేదు. మియాపూర్ దగ్గర చెరువు అలుగు పారుతోందని తెలిసి డ్రైవర్ ఏదో అడ్డదారి పట్టాడట. అంతలో బయటి నుంచి ఒక ఫోన్. డ్రైవరే. బస్సు వాగులో దిగబడిందనీ, నీళ్లు ఎక్కుతున్నాయనీ, క్రేను పంపమనీ అరిచాడు. ఎక్కడ అని నేను అడిగేలోపే లైన్ తెగిపోయింది.

ఆ తర్వాత ఐదు నిమిషాల్లో బోర్డంతా మూతలు పడ్డాయి. బస్సు కొట్టుకుపోయిందని ఊళ్లో పుకారు పుట్టింది. కిరాణా కొట్ల నుంచీ హోటళ్ల నుంచీ కుటుంబాలవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు; ఒకరు పెట్టేస్తే ఇంకొకరు, రెండు లైన్లు వాళ్లతోనే నిండిపోయాయి. మూడో లైన్‌లో మా మేనేజర్‌గారు పొద్దున బుక్ చేసిన బొంబాయి ట్రంక్ కాల్. క్రేను గేటు దగ్గర ఇంజన్ ఆన్‌లో నిలబడి ఉంది, ఏ దారిన పోవాలో తెలియక. డ్రైవర్ మళ్లీ ప్రయత్నిస్తుంటాడు, అతనికేమో మా లైన్లు ఖాళీ లేవని మోత వినిపిస్తుంటుంది.

అక్క మేనేజర్‌గారి మాటల మధ్యలోకి దూరింది. “సార్, జర లైన్ ఇడ్వుండ్రి. బస్సోని ఫోన్ రావాలె. తర్వాత నన్ను ఎంతన్న తిట్టుండ్రి.” ఆయన గుడ్లురిమే మనిషి, ఆ రోజు మాత్రం వెంటనే పెట్టేశారు.

మూడో లైన్ ఖాళీ అయిందో లేదో మోగింది. ఎత్తాను. డ్రైవర్ కాదు, మా వదిన.

“అమ్మాయ్, మీ అన్నయ్య ఆ బస్సే ఎక్కారు. ఏం జరిగిందో చెప్పవే, నాకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు.”

తీగ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అక్క నా వైపు చూసి, “ఏంది గట్ల కూసున్నవ్? తీగ గుంజు” అంది. “వదినా, లైన్ కావాలి, పెట్టేయండి” అన్నాను. ఆవిడ పెట్టలేదు. ఏడుస్తూనే ఉంది. నేను తీగ లాగేశాను.

లైన్ ఖాళీగా ఉన్న ఆ కాసేపు ఎంత పొడవో ఇప్పటికీ చెప్పలేను. మోగింది. ఈసారి డ్రైవరే. బాచుపల్లి అవతల ఒక కోళ్లఫారం నుంచి మాట్లాడుతున్నాడు. అక్క గేటుకు తీగ కలిపి కేక వేసింది, క్రేను కదిలింది. చీకటి పడకముందే అందరినీ బయటికి లాగారు. అన్నయ్య తడిసి ముద్దై, చెప్పులు వాగుకిచ్చి, మా గది గుమ్మం దగ్గర నిలబడి టీ ఉందా అని అడిగాడు. అప్పుడు ఏడ్చాను నేను. అక్క నా తలను తన పొట్టకు అదుముకుని, రెండో చేత్తో తీగలు గుచ్చుతూనే ఉంది.

వదిన మాత్రం చాలా రోజులు నాతో ముభావంగా ఉంది. అన్నం వడ్డించేది, మాట ఉండేది కాదు. లైన్ల సంగతి అన్నయ్య ఎంత విడమరచి చెప్పినా తలూపి ఊరుకునేది. నా పెళ్లి కుదిరాక, చీరలు మడతపెడుతూ తనంతట తనే అంది: “నువ్వు చేసింది తప్పని ఎప్పుడూ అనుకోలేదమ్మా. నాకు సమాచారం కూడా అక్కర్లేకపోయింది ఆవేళ. అవతల మనవాళ్లెవరో ఒకరు లైన్‌లో ఉంటే చాలనిపించింది, అంతే.”

ఇప్పుడు ఆ వాగు ఎక్కడో కాలనీల కింద గొట్టాల్లో పారుతోంది. బస్సులో ఉన్నవాడు తన సీట్లోంచే ఇంటికి ఫోన్ చేస్తాడు, ఇంకొకరి మాట ఆపి అతనికి దారి ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ లేదు. మంచిదే. కానీ మా ఇంట్లో ఫోన్లు ఎత్తగానే ‘చెప్పు, తొందరగా’ అన్న మాటే వినిపిస్తుంది. చెప్పడానికి ఏమీ లేకపోయినా, అవతలివారి ఊపిరి వింటూ కాసేపు అలా ఉండిపోయే అలవాటు, లైన్లు ఇన్ని వచ్చాకే పోయింది.