పాతరలో చోటు

నందికొట్కూరు నుంచి బండిదారిన పోతే మా ఊరు వస్తుంది. మాది రెండంకణాల ఇల్లు, రాతిగోడల మీద మట్టిమిద్దె. వీధి వాకిలి దాటగానే ఎద్దులను కట్టేసే గాటిపాడు. దాని వెనక ఒక మెట్టు ఎత్తులో వండుకోవడానికీ, తినడానికీ, పడుకోవడానికీ ఒకటే చోటు. నాయన, అమ్మ, అన్న, నాయన తల్లి జేజి, నేను, రెండెద్దులు అందులోనే ఉండేవాళ్ళం.

నేల చాలక గోడలను వాడుకునేవాళ్ళం. రాతిగోడలు రెండు మూరల మందం ఉండేవి కాబట్టి వాటిలోనే గూళ్ళు తొలిపించారు. దీపానికి ఒకటి, ఉప్పుకుండకు ఒకటి, దేవుడికి ఒకటి. దూలాలకు ఉట్లు, దండెం, విత్తనాల మూటలు వేలాడేవి. నాయన పొడుగు మనిషి. ఇంట్లో ఎప్పుడూ తల వంచుకునే నడిచేవాడు, చివరికి చేనులో కూడా అలాగే నడవడం అలవాటైపోయింది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో అన్నకు పెళ్ళి కుదిరింది. అన్న కర్నూలుకు కట్టెల బండి తోలేవాడు. అక్కడ కచ్చేరీలకు ఇళ్ళు చాలక గుడారాలు వేసుకున్నారని వచ్చి చెబితే నాయన నవ్వాడు. "దొరలకే చోటు లేదంట. మనదేముండాది లే అప్పా."

కొత్త జంట కోసం వెనక అంకణంలో సగానికి జొన్నసొప్పతో తడిక కట్టి పేడతో అలికారు. ఆ సగంలో ఉన్న కాగులు, బానలు, బొంతలు, చింతపండు కుండలు అన్నీ బయటికొచ్చి పడ్డాయి. జేజి మంచం ఎద్దుల పక్కకు పోయింది. ఎద్దు తోక విసిరితే ఆమె మొహానికి తగిలేది. "ఈగలు తోలను మనిషిని పెట్టినారు నాకు" అనేది జేజి. ఆమెకు చూపు సగం పోయింది గానీ మాట పోలేదు.

కుండలన్నీ ఎక్కడ పెట్టాలో తెలియక అమ్మ విసుక్కుంటుంటే ఉపాయం చెప్పింది కూడా జేజే. "పాతర ఖాళీగా ఉండాది గదే. మనుషులకే చోటు లేకపాయ, గుంతకెందుకంత చోటు?"

మా పాతర గాటిపాడులో, గోడవారగా ఉండేది. జొన్నలు దాచుకునే గుంత అది. పైన మూతి ఒక మనిషి దిగేంత, లోపల కడుపు మాత్రం పెద్ద బానలా వెడల్పు. లోతు మనిషిన్నర. మూతి మీద బండ. అప్పటికి రెండేళ్ళుగా వానల్లేవు. పాతరలో గింజ లేదు, వట్టి మట్టివాసన. నాయన లోపల గోడలు అలికించి, నిచ్చెన దించాడు. కుండలన్నీ గోడ చుట్టూ పేర్చాం. మా ఇంటికి ఒక అర వచ్చినట్టయింది.

దిగి వస్తువులు తెచ్చే పని నాది. సన్నగా ఉంటాను కాబట్టి. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించారు. నేను కొత్తవాళ్ళ ముందు నోరు విప్పేదాన్ని కాదు. ఇంటికెవరైనా వస్తే ఎద్దుల వెనక నిలబడేదాన్ని. "పుస్తకాలు సదివి సదివి దీని నోరు పడిపాయ" అని అమ్మ నమ్మకం. నా దగ్గరున్న ఒక కథల పుస్తకాన్ని ఆమె పొయ్యిలో పెట్టిన రోజు నుంచి, మిగిలినవి దాచుకోవడం నేర్చుకున్నాను. పాతర దొరికాక, బొంతల మడతల్లో దాచాను. అన్న కర్నూలు నుంచి తెచ్చిన ఒకవైపు రాసిన కాగితాలను కుట్టుకుని, రెండోవైపు రోజూ ఏదో ఒకటి రాసుకునేదాన్ని. మధ్యాహ్నం మిద్దె కప్పుకున్న గవాచిలోంచి పడే ఎండ పాతర మూతి మీదికి వచ్చేది. అడుగున ఒక గుండ్రటి వెలుగు పడేది. నేను అందులో కూర్చునేదాన్ని. పుట్టాక నాకంటూ దొరికిన మొదటి చోటు అది.

వదినది కమలాపురం పక్క పల్లె. తండ్రి లేడు, తల్లి ఒక్కతే. వదినకు నవ్వు ఎక్కువ. ఒకరోజు నా వెనకే నిచ్చెన దిగింది.

"అబ్బ! ఈడ అత్త గొంతు ఇనపడదు పాపా! నేనీడే కాపురం పెడతా. మీ అన్నను పైనుంచి సంగటి ముద్ద ఇసరమను."

ఆ మాటకు నేను గట్టిగా నవ్వాను. నాకే ఆశ్చర్యం వేసింది. ఆ తర్వాత రోజూ వచ్చేది. నా కాగితాలు చూసి, వేలితో అక్షరాల మీద గీస్తూ అడిగింది.

"నాకు నేర్పిస్తావా? మా అమ్మకు జాబు రాయాల. మీ నాయన అయ్యవారితో రాయించే జాబులో అంతా క్షేమమే ఉంటాది. నేను యాడుంటా దాంట్లో? నా చేత్తో ఒక్క గీత గీసి పంపినా సాలంది మా అమ్మ."

అప్పటి నుంచి మా ఇద్దరి పని అదే. నా పాత పలక తెచ్చి బొంతల్లో దాచాం. పైన అమ్మ అరిచేది. "ఏమ్మే, ఇద్దరూ ఆ గుంతలో ఏం చేస్తాండారు? చింతపండు తేను పోయి చింతచెట్టు నాటి వస్తారా?" వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పిడికెడు చింతపండుతో పైకెక్కేది. మేం లోపల గుసగుసగానే మాట్లాడుకునేవాళ్ళం. జేజి మంచం పది అడుగుల దూరంలోనే కదా.

మరుసటేడు వానలు పడ్డాయి. జొన్న పండింది. నాయన మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. గింజలను పాతరలో పోయాలి. మరి కుండలు? మళ్ళీ ఇంట్లోకి తెస్తే వదిన పడుకునే చోటు పోతుంది. నాయన లోపలికి దిగి చూసి, పైకి వచ్చి, తేల్చి చెప్పాడు. జొన్నలు అడుగున నడుమెత్తు వరకు పోసి, పైన గడ్డి పరిచి మట్టి మెత్తాలి. ఆ మెత్తు మీదే చాప వేసి కుండలు, బొంతలు పెట్టుకోవాలి. ఒకే గుంత, రెండు పనులు.

జేజి మాత్రం ఒప్పుకోలేదు. "గింజ ఊపిరి తీస్తాదిరా. దాని ఆవిరి అడుగున నిలుస్తాది. గింజుండే పాతరను తీసినాక పూట సేపు గాలికి వదలాల. దీపం దించి సూడాల. దీపం ఆరితే మనిషి కూడా ఆరతాడు."

"దీపం దించే దిగుతాం లేమ్మా" అన్నాడు నాయన. ఆ పని నాకు అప్పగించాడు. తాడుకు కట్టిన చిన్న ప్రమిద. దిగే ముందు దించాలి, వెలుగుతూ ఉంటే దిగాలి.

మొదట్లో రోజూ దించాను. రోజూ వెలిగేది. ఏడాదిన్నరగా అది మాకు ఒక గదిలా అలవాటైంది. అడుగున గింజ ఉందన్న సంగతి కాళ్ళకు తెలుసు గానీ మనసు మరిచిపోయింది. వేసవి వచ్చేసరికి నాలుగు రోజులకొకసారి దించేదాన్ని. తర్వాత జేజి అడిగితే దించేదాన్ని.

ఆ ఆషాఢంలో ముసురు పట్టింది. మిద్దె కారే నీళ్ళు దిగకుండా పాతర మీద బండ వేసి, చుట్టూ మట్టి పూశాం. నాలుగు రోజులు తీయలేదు. అయిదో రోజు ఎండ కాసింది. నాయన, అమ్మ, అన్న కలుపుకు పోయారు. జేజి మంచంలో పడుకుని ఉంది. మా వీధిలో ఒకాయన మరుసటి రోజు కమలాపురానికి పోతున్నాడని పొద్దున తెలిసింది. వదిన జాబు ముప్పాతిక రాసి ఉంది, నేను కుట్టుకున్న కాగితాల పుస్తకంలో, బొంతల కింద. ఇద్దరం కలిసి బండ జరిపాం.

"దీపం పెడతా ఉండు" అన్నాను.

"నూనె కోసం ఉట్టి దించాల, జేజి లేస్తాది. ఎన్నాళ్ళ నుంచి దిగుతాండాం, ఏమైంది? పుస్తకం తీసుకొని వస్తా, రెండు నిమిషాలు."

నేను సరేనన్నాను. నిచ్చెన పట్టుకున్నది నేనే.

వదిన దిగింది. "యాడ పెట్టినావు పాపా పుస్తకం?" అని అడిగింది. తర్వాత ఒక కుండ దొర్లిన చప్పుడు.

"వదినా" అన్నాను.

మెల్లగా అన్నాను. మేం రోజూ మాట్లాడుకునే గుసగుసలో. పలకలేదు. మళ్ళీ పిలిచాను, అంతే మెల్లగా. కుండ పగిలిందేమో, ముక్కలు ఏరుతోందేమో అనుకున్నాను. అరిస్తే జేజి లేస్తుంది. జేజికి తెలిస్తే అమ్మకు తెలుస్తుంది. పలక, పుస్తకాలు, జాబు అన్నీ బయటపడతాయి. నేను ఆ నిమిషంలో ఆలోచించింది అది. మూడోసారి కూడా గుసగుసగానే పిలిచాను. నాలుగోసారి మోకాళ్ళ మీద వంగి తల లోపలికి పెట్టాను. వెచ్చగా, పుల్లగా, మురిగిన జొన్నల వాసన మొహానికి కొట్టింది. గోడలోంచి నీళ్ళు దిగి గింజ తడిసిందని తర్వాత తెలిసింది. వదిన గోడకానుకుని కూర్చుని ఉంది. చెయ్యి బొంతల మీద ఉంది. నిద్రపోతున్నట్టు తల వాలిపోయింది.

అప్పుడు అరిచాను. జేజి లేచి కూర్చుని నాకంటే గట్టిగా అరిచింది. వీధిలోంచి మనుషులు వచ్చారు. ఒకతను దిగబోతే పక్కింటి ముసలాయన రెక్క పట్టుకుని లాగాడు. దీపం దించితే మూతి దాటి మూరెడు పోకుండానే ఆరిపోయింది. కంబళి దించి విసిరి విసిరి, గాలి ఆడించి, నడుముకు తాడు కట్టి ఒకరిని దింపారు. వదినను పైకి తీసేసరికి పొద్దు నడినెత్తి దాటింది.

ఆ రోజు పేజీలో నేను ఏమీ రాయలేదు.

వదిన తల్లి మూడో రోజు వచ్చింది. అప్పటికే అన్నీ అయిపోయాయి. పాతరలోని వస్తువులను కొక్కెం కట్టిన వాసాలతో పైకి లాగి గాటిపాడులో కుప్ప పోశారు. బొంతల్లోంచి నా పుస్తకం తీసుకుని రవికలో దాచుకున్నాను. ఎవరూ చూడలేదు.

ఆమె ఏడవలేదు. పాతర పక్కన కూర్చుంది. "నా బిడ్డ దీంట్లోకి ఎందుకు దిగింది?" అని అడిగింది. "ఎవరు దిగమన్నారు? ఏం తేను పంపినావు వదినా నువ్వు? చింతపండా? బొంతా?" అని అమ్మను అడిగింది.

"నేను దిగమన్లేదు వదినా, మా అమ్మతోడు. నేను సేన్లో ఉండా" అంది అమ్మ.

"మరి ఊరికే దిగిందా? సావను దిగిందా?"

వాకిట్లో చేరిన వాళ్ళంతా అమ్మనే చూస్తున్నారు. అమ్మ గురించి వీధిలో అప్పుడే మాటలు పుట్టాయి. కోడలిని ఆవిరి పాతరలోకి తోలిందని. నేను ఎద్దుల వెనక నిలబడి ఉన్నాను. ఇప్పుడు కూడా ఊరుకుంటే అది అమ్మ మెడకు చుట్టుకుంటుంది. ఊరుకోవడం ఎంత సులభమో నాకు బాగా తెలుసు.

బయటికొచ్చి పుస్తకంలోంచి కాగితం తీసి ఆమె చేతికిచ్చాను. తిరగేసి చూసింది. "ఏందిది?"

"వదిన రాసింది. మీకే. దీనికోసమే దిగింది. నేనే పట్టుకున్నా నిచ్చెన."

"నా బిడ్డకు అచ్చరాలు రావే."

"వచ్చు" అన్నాను.

కాగితం నాకే తిరిగిచ్చింది. "సదువు."

చదవడం మొదలుపెట్టాను. గొంతు పెదవులు దాటలేదు.

"బిగ్గరగా సదువు పాపా. నాకు ఇనపడ్లా."

వంకర అక్షరాలు. ఒక్కొక్కటి ఎక్కడ, ఏ రోజు నేర్పానో నాకు గుర్తుంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు చదివాను.

"అమ్మకు నీ బిడ్డ రాసేది. నేను బాగుండాను. ఈ ఏడు జొన్నలు శానా పండినాయి. ఇల్లు సిన్నది. కూర్చునేదానికి నాకు ఒక చోటు దొరికింది. పాప నాకు అక్షరాలు నేర్పింది. ఈసారి నువ్వు వస్తే"

అంతవరకే ఉంది. "ఇంకా?" అంది ఆమె. "ఇంక లేదు" అన్నాను. ఆమె కాగితం తీసుకుని, నాలుగు మడతలు వేసి, బొడ్డు సంచిలో పెట్టుకుంది. నన్ను తిట్టలేదు. నా వైపు చూడనూ లేదు. బండి ఎక్కేటప్పుడు అమ్మతో మాత్రం "పోయొస్తా వదినా" అంది.

మరుసటి రోజు నాయన, అన్న చెరువుమట్టి తోలి పాతర పూడ్చారు. పద్నాలుగు బండ్లు పట్టింది. తడిక విప్పేశారు. కుండలన్నీ వదిన పడుకున్న చోటికే తిరిగి వచ్చాయి, కొంచెం చోటు కూడా మిగిలింది. జేజి మంచాన్ని లోపలికి తెస్తామన్నారు గానీ ఆమె రానంది.

సాయంత్రం ఆమెకు సంగటి పెట్టడానికి పోయాను. గిన్నె అందుకోకుండా నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు పిలిసేది ఇన్నాను నేను. మూడుసార్లు. ఎప్పుడూ ఆడుకునే గుసగుసలే అనుకొని కండ్లు మూసుకున్నా." నా చేతిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "నిన్న సదివినావు సూడు, ఆ గొంతు. అది ఆ పొద్దు యాడ పెట్టింటివే?"

నేను గిన్నె పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాను. ఇద్దరం తినలేదు.