మా నాన్న చేత్తో తిప్పిన పంకా

మ్యూజియంలో ఆ పాత యుద్ధవిమానం చుట్టూ తాడు కట్టారు. ముక్కు దగ్గర నాలుగు రెక్కల పంకా. మా నాన్న పనిచేసిన రకమే అది. చూడగానే చోడవరంలో మా బడి మెట్లు గుర్తొచ్చి, ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండింది.

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో నాన్న వైమానిక దళంలో ఫిట్టరు. ఇంటికొచ్చేశాక గోవాడ వైపు చెరకు గానుగల ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఏ ఇంజనైనా సరే, స్టార్ట్ చేసే ముందు చక్రాన్ని చేత్తో నాలుగు చుట్లు మెల్లగా తిప్పేవాడు. ఆ విమానాల ఇంజన్ ఆగి ఉంటే కింది సిలిండర్లలోకి నూనె దిగిపోతుందట. పంకాని చేత్తో తిప్పి ఆ నూనె బయటికి పంపకుండా స్టార్ట్ చేస్తే లోపల రాడ్డు వంగిపోతుందట. గానుగ ఇంజన్‌కి ఆ బాధ లేదు, అయినా ఆయన అలవాటు పోలేదు. "ఏటి బాబూ, గానుగని ఎగరేస్తావేటి?" అని రైతులు ఆటపట్టించేవారు. నాన్న నవ్వి ఊరుకునేవాడు.

నేను ఊరుకునే రకం కాదు. ఐదో తరగతిలో విమానం పాఠం వచ్చినప్పుడు, మా నాన్న పంకా చేత్తో తిప్పేవాడని లేచి చెప్పాను. క్లాసంతా గొల్లున నవ్వింది.

"మీ నాన్న అక్కడ గిన్నెలు తోమేడేమో. అబద్ధమాడేనని సెప్పు, లేదా బయట నిలబడు" అన్నారు మేష్టారు.

బయటికి నడిచాను. మూడు రోజులు మెట్ల మీదే. పరీక్షలు దగ్గరపడ్డాయి, రాయనివ్వకపోతే నా చదువు అంతటితో సరి.

నాలుగో రోజు పొద్దున్న నాన్న గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "సెప్పీ గుంటా, ఒక్క మాటే కదా. నాకేటి తరిగిపోద్ది?" అన్నాడు.

"నువ్వు తిప్పేవా, లేదా?"

"తిప్పేను."

"అయితే సెప్పను."

నాన్న ఆ రోజు గానుగ పని మానుకుని నాతో బడికొచ్చి, సాయంత్రం దాకా మెట్ల మీద నా పక్కనే కూర్చున్నాడు. మర్నాడూ అంతే. మధ్యాహ్నానికి మేష్టారే గుమ్మంలోకొచ్చి లోపలికి రమ్మన్నారు. అబద్ధమాడానని నేను అనలేదు. పొరబడ్డానని ఆయనా అనలేదు.

ఇప్పుడు మ్యూజియంలో ఆ తాడు దాటి వెళ్లి పంకా రెక్క మీద అరచెయ్యి ఆనించాను. కాపలా అతను పరుగున వచ్చాడు.

"ముట్టుకోకూడదమ్మా."

"మా నాన్న ముట్టుకున్నదే, బాబూ" అన్నాను. చెయ్యి తియ్యలేదు.