గానుగ ఆగిన ఇల్లు

1961 వేసవి చివర నన్ను జహీరాబాదు తహసీలు కచేరీకి రికార్డు కీపరుగా వేశారు. హోదా గుమాస్తాదే. పాత ఉర్దూ కాగితాలను ఊళ్లవారీగా బస్తాలు కట్టి ఉంచడం, ఎవరైనా అర్జీ పెట్టుకుంటే నకలు తీసి ఇవ్వడం నా పని. అప్పటికే నా భార్య పోయింది. స్టేషను దగ్గర ఒక గదిలో ఉండేవాణ్ణి. కచేరీ మూసింది మొదలు మళ్లీ తెరిచేదాకా నాతో ఎవరూ మాట్లాడని రోజులు చాలా ఉండేవి.

ఆ చలికాలంలో సంగప్ప వచ్చాడు. నలభైకి దగ్గర పడ్డ మనిషి, బండి తోలుకుని బతికేవాడు. రాయికోడ్ వైపు ఊరూరా తిరిగి గాజులమ్మే ఈరమ్మ అనే వితంతువు అతన్ని పెంచింది. ఆమె చనిపోయినప్పుడు తలకొరివి పెట్టబోతే, నువ్వు మా రక్తం కాదంటూ ఆమె పాలివాళ్లు అతన్ని పక్కకు జరిపారట. కన్నవాళ్ల సంగతి ఈరమ్మ బతికుండగా చెప్పలేదు. అడిగితే ఏడ్చేదని అతనూ అడగడం మానేశాడు.

"నేను ఎవల కొడుకునో మీ కాయితాలల్ల ఉంటది గద సారూ. జర చూడున్రి," అన్నాడు.

అది మా కచేరీ పని కాదు. అయినా కాదనలేదు. సాయంత్రాలు నాకూ గడవాలి. అయితే సేత్వారు అనే పాత భూమి లెక్కలో ఉండేది సర్వే నంబరు, పట్టాదారు పేరు. పహాణీలో ఉండేది ఆ ఏడు ఏ చేను ఎవరు దున్నారో, ఏ పంట వేశారో. గుంట భూమి లేని ఇల్లు వాటిలో కనబడదు. పైగా ఏ పేరు కోసం వెతకాలో మాకే తెలియదు. కొన్నాళ్లకు బస్తాలు కట్టేసి, నీకేం గుర్తుందో చెప్పమన్నాను.

అతనికి గుర్తున్నది కొంచెమే. ఎవరి ఒళ్లోనో కూర్చుని గుండ్రంగా తిరగడం, కుసుమ నూనె వాసన. జాతరలో రంగులరాట్నం అయి ఉంటుందనుకున్నాను. కానీ ఆ వాసన అక్కడికి ఎలా వస్తుంది? ఆలోచించగా గానుగ తట్టింది. ఎద్దు వెనక దూలం మీద బరువు కోసం గానుగవాడు కూర్చుంటాడు. పసివాణ్ణి ఒళ్లో పెట్టుకోవడమూ ఉంది.

అంగడి రోజున నూనె అమ్మే ముసలివాళ్లను, సంగప్ప పసితనంలో గానుగ మూతపడ్డ ఇళ్లేమైనా ఉన్నాయా అని విచారించాం. గత్తర, అంటే కలరా, వచ్చినప్పుడు గానుగ ఆగిపోయిన ఊళ్లు రెండు చెప్పారు. ఒకటి మొగుడంపల్లి వైపు, రెండోది న్యాల్‌కల్ దాటాక.

మొదటి ఊరికి పట్వారీ మర్యాద కోసం వెంట వచ్చాడు. నేను నోరు తెరవకముందే సంగప్ప కథంతా అతనే ఊళ్లోవాళ్లకు చెప్పేశాడు. ఊరి పటేలు ప్రతి మాటకూ అవునన్నాడు. సంగప్ప అక్కడి పాత గానుగ ఇంటి గడప మీద తల పెట్టి ఏడ్చాడు. తర్వాత పటేలు తల్లిని విడిగా అడిగితే, ఆ ఇంట్లో మగపిల్లలే లేరని చెప్పింది.

రెండో ఊరికి మేమిద్దరమే వెళ్లాం. నేను చెప్పేదాకా నోరు విప్పవద్దని అతనితో అన్నాను. ఒక ఖాళీ జాగాలో గానుగ రాయి సగం మట్టిలో కూరుకుని ఉంది. పక్కింటి ముందు ఒక అవ్వ కందులు చెరుగుతోంది. ఈ జాగాలో ఎవరుండేవారని మాత్రం అడిగాను. ఆమె కన్నడం కలిసిన తెలుగులో నిదానంగా చెప్పింది. గానుగ శివప్ప, భార్య గౌరమ్మ, ఒక ఆడపిల్ల, ఒక చిన్న పిల్లవాడు. గత్తర వచ్చి మొదట పిల్ల పోయింది, తర్వాత తల్లి. తనకూ సుస్తీ చేసిన రోజున శివప్ప ఊరి బయటికి వచ్చిన గాజులామె చేతికి కొడుకును అప్పగించాడు. కుసుమ నూనే ఆడించేవాడు.

"పొల్లగాన్ని ఒళ్లె కూసోపెట్టుకొనే తిరిగేటోడు," అంది, నేను అడగకుండానే.

ఊరికి ఆ చివర ఉండే ముసలి మంగలి కూడా వేరుగా అదే చెప్పాడు. అప్పుడు మళ్లీ అవ్వ దగ్గరికి వచ్చి, సంగప్పను మాట్లాడమన్నాను. అతను ఒక్కటే అడిగాడు.

"ఆ పిల్లగాని పేరేంది అవ్వా?"

ఆమె చేట పక్కన పెట్టి అతని ముఖంలోకి చూసింది. "అందరు బుడ్డోడనే పిలిచిన్రు కొడుకా. పేరు యాదికొస్తలేదు."

మంగలికీ తెలియదు. ఆ ఇంటివాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. సంగప్ప వెళ్లి గానుగ రాయి మీద కూర్చున్నాడు. పొద్దు వాలాక నేనే లేపాను.

తర్వాత వచ్చిన పెత్రమాసకు, అంటే పోయిన పెద్దల పేర బియ్యమిచ్చే అమావాస్యకు, అతను శివప్ప, గౌరమ్మ, ఈరమ్మ ముగ్గురి పేర్లతో బియ్యం ఇచ్చాడు. అక్క పేరు కూడా అతనికి దొరకలేదు. ఈరమ్మ పాలివాళ్లను పిలిచాడు గానీ ఎవరూ రాలేదు. విస్తళ్లు వేసుకుని మేమిద్దరమే తిన్నాం.

తర్వాత నా సర్వీసులో తమ పెద్దల గురించి వెతుక్కుంటూ మరికొందరు వచ్చారు. కాగితాలకన్నా ముందు బతికున్నవాళ్లను అడగమన్నాను. అడిగే మాటలోనే జవాబు ఇరికించవద్దన్నాను. ఒకరితో ఒకరు చెప్పుకోని ఇద్దరు ఒకే సంగతి చెబితేనే నమ్మమన్నాను. ఇంత చేసినా మనుషులు దొరక్కపోవచ్చనీ, ఒక్కోసారి సొంత పేరు కూడా దొరకదనీ మొదటి రోజే చెప్పేవాణ్ణి.