ఎల్లారెడ్డి షాదీఖానల నడుమ తలుపు

ఎల్లారెడ్డిల నా దోస్తు ఖలీల్ భాయ్ కొత్త షాదీఖాన కట్టిండు. అండ్ల మొదటి పెండ్లి ఆయన బిడ్డ నాజియాదే, వచ్చే నెలల. "నిప్పంటుకుంటే ఇంతమంది ఎట్ల బయటపడ్తరో నీ కంప్యూటర్ల జర చూసి చెప్పు భాయ్" అని ఫోన్ చేసిండు. నా కొలువే అది. హాలు పటం గీసి, మనుషులకు బదులు చుక్కలు పెట్టి, గంట కొట్టంగనే అవి ఎటు ఉరుకుతయో చూసుడు.

పొద్దున కాచిగూడల రైలెక్కినం, నేను, నా భార్య సరిత. రైల్లనే పటం ముందలేసుకున్న. ఆడోళ్ల హాలుకు ఒక పెద్ద తలుపు, మగోళ్ల హాలుకు ఇంకోటి, నడుమ పర్దా కోసం నిలువెత్తు గోడ. చుక్కలన్నీ ఎవరి తలుపుకెల్లి వాళ్లు బుద్ధిగ బయటికొచ్చినయి. "బేఫికర్ ఉండు, ఏం భయం లేదు" అని ఖలీల్ భాయ్‌కి మెసేజ్ పెట్టిన.

కామారెడ్డిల దిగి స్టేషన్ బయట ఇడ్లీ తిన్నం. పల్లి చట్నీ మంచిగుంది, చాయ్ మాత్రం ఉత్త చక్కెర పాకం. బస్టాండ్ల ఎల్లారెడ్డి బస్సు కదలనీకె తయారుగుంది. సరితకు జీరో టికెట్, ముందల డోరు పక్కన సీటు. నాకు పైసల టికెట్, ఆఖరి సీటు, ఎమర్జెన్సీ డోరు పక్కన. "పైసలిచ్చి ఎగిరెగిరి పడు, నేను ఫిరీగ మెత్తగ కూసుంట" అని నవ్వింది.

లింగంపేట దాటినంక ఇంజన్ల నుంచి పొగ లేసింది. "దిగుండ్రి, దిగుండ్రి!" అని కండక్టరమ్మ మొత్తుకుంది. నా పక్కనే తలుపు, చెయ్యి పెడితే తెరుసుకుంటది. నేనేం చేసిన? సరిత కోసం ముందుకు ఉరికిన. సరితనేమో డోరు ఇడిసిపెట్టి నా కోసం ఎనకకు ఉరికొచ్చింది. ఇద్దరం నడుమ గుద్దుకొని తొవ్వకు అడ్డం నిలబడ్డం. ఒక అవ్వ సంచితోని నా ఈపుల పొడిసి, "మొగుడు పెండ్లాల ముచ్చట కింద పెట్టుకోండ్రి, ముందు దిగుండ్రి!" అని తిట్టింది.

రేడియేటర్ పైపు పగిలిందంతే, ఎవరికీ ఏం కాలే. నాకు మాత్రం సిగ్గైంది. నా చుక్కలల్ల ఒక్కటన్న గిట్ల చేసిందా? ఇంకో బస్సు వచ్చేలోపట రోడ్డు పక్కనే కూసొని, ప్రతి చుక్కకు గోడ అవతల తన మనిషిని పెట్టిన. గంట కొట్టిన. మగోళ్ల చుక్కలు బయట చుట్టు తిరిగి ఆడోళ్ల తలుపుకాడికి ఉరికినయి. బయటికొచ్చేటోళ్లకు ఎదురుబోయి ఇరుక్కున్నయి. తలుపు మూసుకపోయినట్టే అయింది. నడుమ గోడకు ఒక తలుపు గీసి మల్ల గంట కొట్టిన, చుక్కలు లోపల్నే తమ మనిషిని కలుసుకొని రెండు తలుపులకెల్లి బయటపడ్డయి.

ఎల్లారెడ్డి చేరెటాళ్లకు పగటన్నం యాళ్లయింది. ఖలీల్ భాయ్ ఇంట్ల బగారా అన్నం, దాల్చా. తిన్నంక నాజియా గూడ ఎంట రాంగ హాల్లకు పోయి చెప్పిన, "ఈ గోడల తలుపు పెట్టాలె భాయ్."

"అరే! పొద్దున బేఫికర్ అంటివి. పెండ్లి ముందల పెట్టుకొని గోడ పలగ్గొడతనా? పర్దా ఏం గావాలె?"

"తప్పు నాదే. ఒక్కటి చెప్పు, పొగొస్తే నువ్వెటు ఉరుకుతవ్?"

"గదేం మాట? నాజియా అవతల ఉంటది గద!"

అన్నంక గోడ దిక్కు చూసిండు. దగ్గరికి పోయి అరచేత్తోని నూకి చూసిండు. ఎనక నిలబడ్డ నాజియానే, "తలుపు పెట్టించుండ్రి అబ్బాజాన్, దానికి పర్దా నేను కుడత" అన్నది. ఆయన కండ్లు తుడుసుకుంట మేస్త్రీకి ఫోన్ కలిపిండు. నా పానం కుదుటపడ్డది.

సాయంత్రం బస్సుల మల్ల గదే తీరు, సరిత ముందల, నేను ఎనక. "ఈసారి పొగొస్తే ఎవరి డోరుకెల్లి వాళ్లం దిగుదం, కింద కలుసుకుందం" అన్న. "సరే" అన్నది. కామారెడ్డి వచ్చేదాక మల్ల మల్ల ఎనకకు తిరిగి చూస్తనే ఉంది.

నాకెట్ల తెలుసంటరా? నేను ఇంకోదిక్కు చూస్తే గద!